శిలోద్యానం – మన కొండల తొలివేసవి పూలు

'శిలోద్యానం' అనే మాట తెలుగులో ఇంకా స్థిరపడలేదు. కొందరు రాతితోట అంటారు, కొందరు శిలావనం అంటారు, ఎక్కువమంది రాక్ గార్డెన్ అనే అంటారు. ఆ పేరు వినగానే మన విద్యార్థులకు తోచేది చండీగఢ్ నగరం. అక్కడ నేక్ చంద్ అనే రోడ్ల శాఖ ఉద్యోగి, పారవేసిన పింగాణీ ముక్కలతోను విరిగిన గాజులతోను వందలాది బొమ్మలు కూర్చగా, 1976లో ఆ స్థలాన్ని ప్రజల సందర్శనార్థం తెరిచారు. అది మెచ్చదగిన శిల్పవనం. మన రాష్ట్రంలో కర్నూలు సమీపాన ఓర్వకల్లులో ఉన్నదో, ప్రకృతియే చెక్కిన రాళ్ళ సమూహం. ఈ రెండు చోట్లా రాయి కథానాయకుడు, మొక్క పరివారం. ఉద్యానశాస్త్రం శిలోద్యానమని పిలిచేది వేరు. రాతి సందులలో, రాతి నీడలో, రాతి మీద చేరిన పిడికెడు మట్టిలో బ్రతకగల మొక్కలను వాటి స్వభావానికి భంగం కలుగకుండా పెంచి, వాటి పూలను చూచి ఆనందించే తోట అది.

ఆ తోటను గురించీ, అందులో తొలివేసవిలో పూచే పూలను గురించీ ఈ వ్యాసం. వ్రాయడానికి ఒక సందర్భం కూడా ఉన్నది. మన కళాశాల ఆవరణకు ఉత్తరపు హద్దున ఉన్న బండగుట్టను పగులగొట్టి, చదును చేసి, వాహనాల షెడ్డు వేయవలెననే ప్రతిపాదన కళాశాల కమిటీ పెద్దల ముందు ఉన్నది. షెడ్డు అవసరమే, కాదనడం లేదు. అయితే ఆ గుట్ట మీద ఏమున్నదో తెలిసికొన్న తరువాత నిర్ణయం చేయడం మేలని నా మనవి.

మొదట ఈ విద్య పుట్టిన చోటికి వెళదాము. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో ఒక ఎత్తు దాటిన తరువాత చెట్టు మొలవదు. పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. చెట్ల హద్దుకు పైన, శాశ్వతహిమానికి దిగువన ఉండే మేఖలనే ఆల్పైన్ మేఖల అంటారు. సంవత్సరంలో సగానికి పైగా అక్కడి నేల మంచు కింద ఉంటుంది. మిగిలిన కొద్ది మాసాలలోనే చిగిర్చాలి, పూయాలి, కాయాలి, విత్తు రాల్చాలి. అందువల్ల అక్కడి మొక్కలు జానెడు ఎత్తుకు మించవు. చాలావాటి కొమ్మలు ఒకదానినొకటి ఒరుసుకొని దిండు ఆకారంలో నేలను కరచి ఉంటవి. గాలి వాటి మీదుగా జారిపోతుంది, లోపలి వెచ్చదనం లోపలే నిలుస్తుంది. పూమొగ్గలను అనేకం ముందటి శరత్తులోనే సిద్ధం చేసుకొని మంచు కింద నిద్రిస్తవి. మే, జూన్ మాసాలలో మంచు కరగడమే తడవు, ఆకుకన్నా పువ్వే ఎక్కువగా కనబడేటట్లు పూస్తవి. జెన్షియన్ పువ్వు నీలిరంగును చూచినవారు దానికి మరొక ఉపమానం దొరకదంటారు.

ఈ కుటుంబాలలో శాక్సిఫ్రేజ్ అనేది ఒకటి. లాటిన్ భాషలో ఆ పేరుకు అర్థం రాతిని చీల్చునది. మన ఆయుర్వేదంలో పాషాణభేది ఉన్నది గదా! హిమాలయాల రాతి చరియలలో పెరిగే బెర్జీనియా అనే ఆ మొక్క సరిగ్గా ఈ శాక్సిఫ్రేజ్ కుటుంబానిదే. రెండు భాషలవారూ ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే పేరు పెట్టుకొన్నారు. దక్షిణదేశంలో ఆ మూలిక దొరకదు గనుక మన వైద్యులు అనేకులు కొండపిండి ఆకును దానికి బదులుగా వాడారు. మూత్రపిండాలలోని రాయిని కరిగిస్తుందనే నమ్మకంతో పల్లెలలో పప్పులో వేసి వండుకొనే ఆకు అదే. పేరులో రాయిని పిండి చేయడం ఉన్నదని మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆల్ప్స్ మొక్కలను మైదానానికి తెచ్చి పెంచాలనే కోరిక 18వ శతాబ్దంలోనే పుట్టింది. లండన్‌లోని చెల్సీ ఔషధవనంలో 1773లో ఒక రాతితోట కట్టారు. లండన్ కోట నుండి తీసివేసిన పాత రాళ్ళు, జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ నుండి తెచ్చిన అగ్నిపర్వతశిలలు అందులో వాడారు. క్యూ ఉద్యానంలో 1882లో మరొకటి వెలిసింది. తరువాత రెజినాల్డ్ ఫారర్ అనే ఆయన ఈ విద్యకు గురుస్థానం వహించి, 1919లో రెండు సంపుటాల ఉద్గ్రంథం వెలువరించాడు. ఆయన నాలుక వాడియైనది. మట్టికుప్ప మీద రాళ్ళను నిలువుగా గుచ్చి రాతితోట అనుకొనేవారిని, మిఠాయి మీద బాదంపప్పులు గుచ్చినట్లున్నదని ఎగతాళి చేశాడు. మన పట్టణాలలో కూడళ్ళ మధ్య సిమెంటు దిమ్మెల మీద సున్నం పూసిన రాళ్ళు నిలబెట్టడం చూస్తే ఆయన ఏమనేవాడో!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మంచు పడని తుమ్మపాలలో ఈ విద్య ఎందుకు? తూర్పు కనుమలలో అతి ఎత్తైన శిఖరం కూడా 1700 మీటర్లకు లోపే. లంబసింగిలో పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకొంటుందని యాత్రికులు పోతున్న మాట నిజమే గాని, అది ఎండ రాగానే కరిగిపోయేది. ఇక్కడ జెన్షియన్‌ను నాటితే మే నెల దాకా బ్రతకదు. పగటి ఎండ ఒక్కటే దానికి శత్రువు కాదు. రాత్రి చల్లబడకపోతే మొక్క పగలు కూడబెట్టిన ఆహారమంతా శ్వాసకే ఖర్చయి శుష్కించిపోతుంది. కనుక ఐరోపా పుస్తకంలోని జాబితాను పట్టుకొని మొక్కలు తెప్పించడం డబ్బు దండగ.

కాని మంచును పక్కన పెట్టి ఆ మొక్కల జీవనసూత్రాన్ని చూడండి. బ్రతకడానికి వీలులేని ఒక దీర్ఘకాలం ఉన్నది. దానిని మొక్క నిద్రతో దాటుతుంది. నీరు నిలవని రాతినేల ఉన్నది. దానిలో వేరు లోతుగా పోయి తడిని వెదకుకొంటుంది. నిద్రకు చివర, ఇతర మొక్కలు మేలుకొనకముందే, అది పూస్తుంది. ఆల్ప్స్‌లో ఆ నిద్రకు కారణం చలి. మన కొండల మీద అది అనావృష్టి. మంచు కింద ఉన్న నీరు గడ్డకట్టి వేరుకు అందదు. మాఘం నుండి వైశాఖం దాకా మన బండల మీద అసలు నీరే ఉండదు. వేరు వైపు నుండి చూస్తే రెండూ ఒకటే.

ఈ రెండు లోకాలకూ నడుమ ఒక మజిలీ ఉన్నది. ఉర్దూ శాఖ విద్యార్థులకు అది పరిచితమైన చోటే. కాబూలు చుట్టూ ఉన్న కొండలలో శీతకాలం మంచు పడుతుంది, వేసవిలో చుక్క నీరు ఉండదు. రెండు కష్టాలనూ తట్టుకోవలసిన అక్కడి మొక్క దుంప రూపం ధరించింది. అదే లాలా పువ్వు, ఐరోపావారు తులిప్ అని పిలిచేది. వసంతంలో కొద్ది వారాలు కొండవాలున వెలిగి, వేసవి ముదిరేలోగా ఆకులతో సహా ఎండిపోయి, దుంప మాత్రం భూమిలో నిలిచి ఉంటుంది. బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో ఈ లాలాలను లెక్కపెట్టించిన సంగతి వ్రాసుకొన్నాడు. 32 లేక 33 రకాలు తేలినవట. వాటిలో ఒకదానికి గులాబీ వాసన ఉన్నదని కూడా ప్రత్యేకంగా పేర్కొన్నాడు. యుద్ధాలలో మునిగిన మనిషి ఒక కొండవాలున పూల రకాలు లెక్కపెట్టించడానికి తీరిక చేసుకొన్నాడంటే, దానిని పాదుషాల వినోదమని తీసివేయలేము. అది ప్రకృతి పరిశీలన. ఆయన మునిమనుమడు జహంగీరు ఆ అలవాటును మరింత పెంచాడు. 1620లో వసంతకాలం కాశ్మీరంలో గడిపినప్పుడు, ఆస్థాన చిత్రకారుడైన ఉస్తాద్ మన్సూర్ చేత నూరుకు పైగా పూలను చిత్రింపజేశాడు. వాటిలో మిగిలినవి బహు కొద్ది. మన్సూర్ గీసిన ఎర్రని లాలా చిత్రం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు మౌలానా ఆజాద్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. ఉర్దూ కవిత్వంలో లాలాయె సహ్రా అనే మాట చదివినప్పుడు, అది రాతిమన్నులో నిజంగా మొలిచే మొక్క అని గుర్తుంచుకొంటే పద్యం మరింత బాగా పడుతుంది.

కాబూలు కొండల మంచును కూడా తీసివేసి ఎండను మాత్రమే మిగిల్చితే మన తూర్పు కనుమలు వస్తవి. మన కొండలలోని రాయికి భూవిజ్ఞానులు ఖోండలైట్ అని పేరు పెట్టారు, ఖోండు గిరిజనుల పేరు మీదుగా. గోమేధికపు పలుకులు పొదిగిన ఈ రాయి వానకూ ఎండకూ పొరలుగా విచ్చి, ఎర్రగా చివికి, సందులలో మట్టిని నింపుకొంటుంది. మొక్కకు ఇంతకన్నా ఏమి కావాలి? మనకు కూతవేటు దూరంలోనే శంకరం గ్రామపు బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నవి. బౌద్ధభిక్షువులు సంఘారామం కోసం ఆ కొండలనే తొలిచి గుహలు చేశారు, రాతినే చెక్కి స్తూపాలు నిలిపారు. 20వ శతాబ్ది మొదటి దశాబ్దంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపిన నాటినుండి పండితులు అక్కడి శిల్పాన్ని గురించి వ్రాస్తూనే ఉన్నారు. రాతి పగుళ్ళలో మొలిచేవాటి మీద వారి దృష్టి పడకపోవడం సహజమే. చరిత్రకారుని కంటికి మొక్క కట్టడానికి శత్రువు.

మన తీరపు మొక్కలను శాస్త్రీయంగా చూచినవారిలో మొదట చెప్పవలసిన పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఈయన 1781 నుండి 1793 దాకా సామర్లకోటలో ఉండి ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే ఆయన గ్రంథం 1795 నుండి సంపుటాలుగా వెలువడింది. తెలుగు పేర్లను అడిగి తెలిసికొని తన వర్ణనలలో నమోదు చేయడం ఆయన చేసిన మేలు. ఈ వ్యాసంలో రాబోయే మొక్కలలో తపసి, అంకుడు, నక్కవుల్లి ఆయన వర్ణించి శాస్త్రనామం పెట్టినవే.

మన శిలోద్యానానికి పట్టపురాణి కొండగోగు. ఆకు గోగాకును పోలి చీలి ఉండటం వల్ల ఆ పేరు. ఎండు కొండచరియలలో, చారెడు మన్ను లేని బండ సందులలో పెరిగే చిన్న చెట్టు ఇది. శీతకాలాంతంలో ఆకులన్నీ రాల్చి, మోడుగా నిలిచి, ఫిబ్రవరి నుండి ఏప్రిల్ దాకా కొమ్మల చివర బంగారు పసుపు రంగు పూలు పూస్తుంది. ఒక్కొక్క పువ్వు అరచేతి వెడల్పు ఉంటుంది. అయిదు రేకులు, నడుమ లెక్కలేనన్ని కేసరాలు. ఆకు లేకుండా పూయడంలో ఒక ప్రయోజనం ఉన్నది. ఆకు ఉంటే దాని రంధ్రాల గుండా నీరు ఆవిరై పోతుంది. పైగా పువ్వు దూరానికి కనబడదు. మోడు మీది పువ్వును కొండ అవతల ఉన్న తుమ్మెద కూడా చూడగలదు.

ఆ తుమ్మెద విషయమే మరింత వింత. కొండగోగు పువ్వులో తేనె లేదు. ఉన్నది పుప్పొడి మాత్రమే, అదీ కేసరాల చివర ఉన్న సన్నని రంధ్రాలలో దాగి ఉంటుంది. మామూలు ఈగకు అది దక్కదు. కర్రలో తొర్రలు చేసికొనే నల్లని పెద్ద తుమ్మెద వచ్చి, పువ్వును కాళ్ళతో పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే ఒంటి కండరాలను అదరగొడుతుంది. ఆ అదురుకు పుప్పొడి ఉప్పుడబ్బాలోని ఉప్పువలె జలజల రాలి దాని ఒంటికి అంటుకొంటుంది. ఆ సమయంలో ఝంకారం స్థాయి మారుతుంది. చెట్టు కింద నిశ్శబ్దంగా నిలబడితే మన చెవికే తెలుస్తుంది. మన కవులు భ్రమరఝంకారాన్ని గురించి ఎంతో వ్రాశారు గాని, ఆ ధ్వని ఒక పనిముట్టు అనే సంగతి మనకు తెలిసినది వృక్షశాస్త్రం వల్లనే.

కొండగోగు బెరడు నుండి బంక కారుతుంది. ఉర్దూ ఇండ్లలో వేసవిలో, రంజాను మాసం ఎండలలో వచ్చినప్పుడు మరీ ముఖ్యంగా, గోంద్ కతీరా నానబెట్టి షర్బత్తులో కలుపుతారు. రాత్రి వేసిన చిటికెడు బంక తెల్లవారేసరికి గిన్నెనిండా ఉబ్బి పలుకులు పలుకులుగా తేలుతుంది. అసలు కతీరా పారశీకదేశపు ఎండు కొండలలో పెరిగే ఆస్ట్రగాలస్ అనే ముళ్ళపొద బంక. మన దేశంలో దానికి బదులుగా వచ్చినవి కొండగోగు బంక, తపసి బంక. అక్కడ శిలల మీద పెరిగిన పొద, ఇక్కడ శిలల మీద పెరిగిన చెట్టు! నీరు దొరకని చోట దొరికిన నీటిని పట్టి ఉంచుకొనేందుకు ఆ మొక్కకు ఉపయోగపడే పదార్థమే మన గ్లాసులో కూడా నీటిని పట్టి ఉంచుతున్నది. తపసి చెట్టు తెల్లని నున్నని బెరడుతో వెన్నెలలో దయ్యంలాగా కనబడుతుంది. పువ్వు చిన్నది, చూపుకు అంత ఆనదు. దాని బంకను గిరిజనులు సేకరించగా, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తూ వచ్చింది. బంక కోసం చెట్టును లోతుగా నరికితే చెట్టే చచ్చిపోతుంది. గాటు పైపైన పెట్టడం నేర్పవలసి వచ్చింది.

రెండవది అంకుడు. పాలకొడిశ అని కూడా అంటారు. యునానీ వైద్యులు మీఠా ఇంద్రజౌ అనేది దీని విత్తనమే. కొండగోగు అంత ఆడంబరం దీనికి లేదు. మార్చి నుండి మే దాకా కొత్త చిగురుతో పాటు మల్లెను తలపించే తెల్లని పూలగుత్తులు వస్తవి. దగ్గరకు పోతే మంచి వాసన. ఆకును పులియబెట్టి నీలిరంగు తీయవచ్చునని రాక్స్‌బర్గ్ ప్రయోగాలు చేసి చూపాడు. అయితే మన జిల్లాకు అంకుడు ఇచ్చినది నీలిరంగు కాదు, ఏటికొప్పాక బొమ్మ. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక గ్రామంలో తరతరాలుగా బొమ్మలు చేస్తున్నది ఈ మెత్తని తెల్లకర్రతోనే. 2017లో ఆ బొమ్మకు భౌగోళిక గుర్తింపు లభించింది. సహజమైన రంగుల వాడకాన్ని పునరుద్ధరించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంత ఖ్యాతి గల కర్రకు ఇప్పుడు కరవు వచ్చిందని పనివారు మొరపెట్టుకొంటున్నారు. మన గుట్ట దక్షిణపు వాలున మూడు అంకుడు చెట్లు ఉన్నవి. గత ఏప్రిల్‌లో మూడూ పూచినవి. వార్షిక పరీక్షల హడావిడిలో ఎవరూ తల ఎత్తి చూడలేదు.

మూడవది నా దృష్టిలో అన్నిటికన్నా విచిత్రమైనది, నక్కవుల్లి. ఉర్దూలో జంగ్లీ ప్యాజ్. కాబూలు లాలాకు మన కొండల మీద నిజమైన బంధువులాగా ప్రవర్తించేది ఇదే. చేదైన దుంప రాళ్ళ సందున నేలలో ఉంటుంది. గుండె మీద పనిచేసే విషద్రవ్యం ఉండటం వల్ల దానిని ఏ జంతువూ తవ్వి తినదు, విద్యార్థులు కూడా నోట పెట్టరాదు. వేసవి మొదలై నేల పగిలిపోతున్న రోజులలో, ఒక్క ఆకు కూడా లేకుండా, మోకాలెత్తు సన్నని కాడ ఒకటి నేల నుండి లేస్తుంది. దాని మీద మాసిన తెలుపు రంగు పూలు వేలాడుతూ, పొద్దు వాలిన తరువాత విచ్చుకొంటవి. తెల్లవారి చూచినవారికి వాడిన పువ్వే కనబడుతుంది గనుక, ఇందులో ఏమందమున్నదని పోతారు. వానలు పడిన తరువాత మాత్రమే ఆకులు వస్తవి. పువ్వు ఒక ఋతువులో, ఆకు మరొక ఋతువులో. ఆకును చూచినవారికి పువ్వు తెలియదు, పువ్వును చూచినవారికి ఆకు తెలియదు.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. బిక్కి అనే పొద కొండరాళ్ళ నడుమ వేసవి మొదట తెల్లని పూలు పూస్తుంది. మొదటినాడు తెలుపు, వాడేలోగా పసుపు. ఆ మొగ్గల దగ్గర కారే బంకనే నాడీహింగు అంటారు. మోదుగును అందరూ ఎరుగుదురు. ఒక్క మాట చాలు. ఉర్దూవారు ఎంత చెప్పినా మార్పు లేదు అనే అర్థంలో 'ఢాక్ కే తీన్ పాత్' అంటారే, ఆ ఢాక్ మన మోదుగే. దాని ఆకు ఎప్పుడూ మూడు దళాలే. రేల చెట్టు మే నెలలో పసుపు కుచ్చులు దించుతుంది గాని రాతితోటకు అది పెద్ద చెట్టు. పూయకపోయినా చేర్చదగినది మయూరశిఖ. నెమలి తల మీది కుచ్చు ఆకారంలో వేలెడంత ఉండే ఈ ఫెర్ను మొక్క వేసవిలో ముడుచుకొని చచ్చినట్లు ఎండి, మొదటి వానకు మళ్ళీ విప్పుకొంటుంది. మన పాత గోడల పగుళ్ళలో కూడా ఉంటుంది.

పరదేశపు మొక్కలను పూర్తిగా వద్దనడం నా ఉద్దేశం కాదు. దేవగన్నేరు అమెరికా ఖండం నుండి వచ్చినదే. ఈనాడు గుడి ముంగిట, దర్గా ఆవరణలో, సమాధుల పక్కన అది లేని చోటు లేదు. ఉర్దూలో గుల్‌చీన్ అన్నారు. ఆకు రాల్చిన లావుపాటి కొమ్మ మీద నేరుగా పూచే దాని స్వభావం కొండగోగుకు దగ్గర. గడ్డిగులాబీ దక్షిణ అమెరికాది. బండమీద రెండంగుళాల ఇసుకమన్ను ఉంటే చాలు, ఎండ పడినంతసేపు విచ్చుకొని ఉంటుంది. మే పువ్వు అని మనవారు పిలిచే ఎర్రబంతిలాంటి దుంపమొక్క ఆఫ్రికాది. తొలకరి జల్లు తగిలిందంటే సరిగ్గా మే నెలలో లేస్తుంది. ఇవి అతిథులు. గుట్ట అంచుల వెంట వీటికి చోటివ్వవచ్చును.

మన ప్రాంతంలో ఈ పూలకు వచ్చిన ముప్పు రెండు విధాలు. మొదటిది నిప్పు. కొత్త గడ్డి వస్తుందని, లేదా ఊరకనే, ఫాల్గుణ చైత్రాలలో కొండవాలుకు నిప్పు పెట్టే అలవాటు ఉన్నది. సరిగ్గా ఈ మొక్కలు పూచి కాయ పట్టే కాలం అదే. కొండగోగు విత్తనం చుట్టూ పట్టువంటి దూది ఉంటుంది, అంకుడు విత్తనానికి దూది కుచ్చు ఉంటుంది. గాలికి ఎగరడానికి ఏర్పడిన ఆ దూది నిప్పుకు మొదటి ఆహుతి. పెద్ద చెట్టు మళ్ళీ చిగిర్చవచ్చును గాని, కొత్త మొక్క పుట్టదు. రెండవది తవ్వకం. రోడ్డుకూ పునాదికీ కంకర, గ్రావెల్ కావాలి. చిన్న కొండలు ఒక్కొక్కటే తరిగిపోవడం మనం బస్సులో పోతూ చూస్తూనే ఉన్నాము. అడవి నరికితే తిరిగి నాటవచ్చును. రాయి పోయిన చోట రాతిమొక్కకు తావు లేదు. బొజ్జన్నకొండ శిల్పం ఉన్నందువల్ల రక్షితమైనది. శిల్పం లేని గుట్టను రక్షించే శాఖ ఏదీ లేదు.

ఇక మన గుట్ట. ఐరోపావారు వేల రూపాయల ఖర్చుతో రాళ్ళు తెప్పించి, వాలు కట్టి, రాతిని మూడింట రెండు వంతులు భూమిలో పాతి, పొరలన్నీ ఒకే దిక్కుకు ఉండేటట్లు అమర్చి తయారు చేసుకొనేది మనకు ముందే సిద్ధంగా ఉన్నది. చేయవలసినది కొంచెమే. తూర్పు వైపున కుప్పగా పడి ఉన్న కట్టడపు చెత్త ఎత్తివేయాలి. సందులలో మన్ను తక్కువైన చోట ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఆకుకుళ్ళు, రెండు పాళ్ళు సన్నని గులకరాయి కలిపి నింపాలి. పేడ ఎరువు ఎక్కువ వేయరాదు. బలిసిన మొక్క కొమ్మలు పెంచుతుంది గాని పూయదు, వానకాలంలో కుళ్ళుతుంది కూడా. దేవగన్నేరు కొమ్మను కోసిన తరువాత వారం పది రోజులు నీడలో ఆరనిచ్చి, పాలు గట్టిపడిన తరువాత నాటాలి. కొండగోగు, అంకుడు విత్తనాలు కాయ పగిలేముందు సేకరించుకొని తొలకరికి నారు పోసుకోవచ్చును. నక్కవుల్లి దుంపలు గుట్ట మీద ఉన్నవే చాలు, వాటిని కదపకుండా ఉంటే అదే పెద్ద సేవ.

కమిటీ పెద్దలు అడుగగల ప్రశ్న నీటిని గురించి. సెలవులలో తోటమాలి ఒక్కడు ఉంటాడు, బోరు ఎండుతుంది, కార్యాలయం ముందరి గులాబీ మడులు ప్రతి మే నెలలోనూ మాడిపోయి జూలైలో మళ్ళీ కొనవలసి వస్తున్నది. గుట్ట మీది మొక్కలకు ఆ చిక్కు లేదు. నాటిన మొదటి రెండు వేసవులు వారానికొకసారి చెంబెడు నీరు పోస్తే, తరువాత పోయకపోవడమే మంచిది. వేసవిలో నీరు పోసిన కొండగోగు ఆకు వేస్తుంది, పువ్వు తగ్గిస్తుంది.

షెడ్డుకు స్థలం లేదా? పడమటి గోడవెంట, పాత నీళ్ళతొట్టి పడగొట్టిన జాగా చదునుగానే ఉన్నది. వృక్షశాస్త్ర విద్యార్థులు నలుగురితో కలిసి పొడవు వెడల్పులు కొలిచి చూచాము. గుట్టను పగులగొట్టే ఖర్చు లేకుండా రెండు వరుసల వాహనాలు పడతవి. కొలతలతో కూడిన పటం గీసి ప్రిన్సిపాల్‌గారి కార్యాలయంలో ఇచ్చాము. కమిటీ సమావేశం మార్చి చివరివారంలో అని విన్నాను. అప్పటికి అంకుడు పూతకు వస్తుంది. సభ్యులు సాయంత్రం ఆరు దాటిన తరువాత గుట్ట ఎక్కగలిగితే నక్కవుల్లి కాడలు కూడా లేచి ఉండవచ్చును. ఉత్తరపు వైపు బండ నునుపుగా ఉన్నది, చెప్పులు విడిచి ఎక్కడం క్షేమం.